రెండు రోజుల యాత్ర - ఒక పాత బాకీ

(డిసెంబరు 17, పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను "యాత్రానుభవాలు" అనే అంశం మీద పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. 1972 నుంచి 2008 దాకా ముప్పయ్యారేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. నాకు రాయడం అలవాటు గాని మాట్లాడటం అలవాటు లేదు. అందుకని ఈ నాలుగు ముక్కలూ కాగితం మీద పెట్టుకుని వచ్చాను. చదువుతాను, ఓపిక పట్టండి. కార్యదర్శి గారు గంట కొట్టే లోపలే ముగిస్తానని హామీ మాత్రం ఇవ్వలేను.

ముందుగా ఈ యాత్ర ఎలా పుట్టిందో మనవి చేస్తాను. మన సభ్యుల్లో ఒక మిత్రుడు పోయిన వేసవిలో కొడుకు దగ్గరికి జర్మనీ వెళ్ళి, అక్కణ్ణుంచి కారులో ఇటలీ దేశం చుట్టి వచ్చారు. వెనిస్, ఫ్లోరెన్స్, పీసా, రోమ్ అన్నీ చూశారు. మన సంఘం గదిలో కూర్చోబెట్టి ఫోటోలన్నీ చూపించారు. ఫ్లోరెన్స్ తోలు సంచుల బజారులో 60 యూరోలు చెప్పిన సంచీని 35 యూరోలకు బేరమాడి తెచ్చానని ఆ సంచీ కూడా మా చేతికిచ్చారు. అందరం వాసన చూసి తిరిగి ఇచ్చాం. "మరి మీరెక్కడ తిరిగారండీ?" అని ఆయన అడిగితే, "మడికొండ దాకా" అన్నాను. అందరూ నవ్వారు. నా దగ్గర పాస్‌పోర్టు లేదు. నాకున్న పుస్తకమల్లా పింఛను పుస్తకమే.

ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ మిత్రుడు పీసా గోపురం ఫోటో చూపిస్తూ, దాన్ని కట్టడం 1173లో మొదలుపెట్టారని చెప్పారు. మన హనుమకొండ వేయిస్తంభాల గుడిని రుద్రదేవుడు 1163లో ప్రతిష్ఠించాడు. అంటే అదీ ఇదీ పదేళ్ళ తేడాతో ఒకే ఈడువి. అక్కడ నేల మెత్తబడి గోపురం ఒరిగితే లోకమంతా చూడ్డానికి పోతోంది. ఇక్కడ ఇసుక పునాది మీద నిలబెట్టిన మన కల్యాణ మండపాన్ని 2006లో రాయి రాయీ విప్పి, మళ్ళీ పేర్చి 2024 మార్చిలో తెరిస్తే, ఈ ఊళ్ళోనే ఉంటూ నేను ఒక్కసారి కూడా పోయి చూడలేదు.

ఇంకో సంగతి. ఆ వెనిస్ నగరవాసి మార్కోపోలో తన యాత్రా వృత్తాంతంలో మన కాకతీయ రాజ్యాన్ని గురించి రాశాడు. మోటుపల్లి రేవు పేరుతో ఈ దేశాన్ని చెప్పి, దీన్ని ఒక రాణి న్యాయంగా ఏలుతోందని, ఇక్కడి వజ్రాలకు సాటి లేదని, ఇక్కడి సన్నని బట్ట సాలెగూడులా ఉంటుందని, దాన్ని కట్టుకోని రాజూ రాణీ ఉండరని మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమదేవే. ఆయన ఆమెను రాజుగారి భార్య అనుకున్నాడు గాని, ఆమె గణపతిదేవుని కూతురని మనకు తెలుసు. ఇటలీవాడు పొగిడిన బట్ట మన దగ్గర నేసింది. మనం మాత్రం ఇటలీ పోయి సంచీ కొనుక్కొస్తున్నాం. ఇదేం న్యాయం అనిపించింది.

తెల్లవారి నలుగురికీ ఫోన్లు చేశాను. చివరికి పదకొండు మందిమి తేలాం. ఏడుగురు పింఛనుదారులు, నలుగురు శ్రీమతులు. పన్నెండు సీట్ల బండి ఒకటి రెండు రోజులకు మాట్లాడాం. డీజిలు, డ్రైవరు బత్తా, హైదరాబాదులో ఒక రాత్రి బస, భోజనాలు అన్నీ కలిపి తలకు 3,100 రూపాయలు పడింది. టి.ఎ. బిల్లు పెట్టుకునే యోగం లేదు గనుక లెక్కంతా కోశాధికారి గారి డైరీలో ఉంది, ఎవరైనా చూడవచ్చు. వెళ్ళదలచినవారికి ఒక మాట. బి.పి. మాత్రలు చేతిసంచీలోనే పెట్టుకోండి. మాలో ఒకాయన పెట్టెలో పెట్టి బండి పైకెక్కించి, ఆలేరు దాకా అందరికీ బి.పి. తెప్పించారు.

నవంబరులో ఒక శనివారం తెల్లవారుజామున బయలుదేరాం. జనగామ దాటగానే పెంబర్తి. మనలో చాలామంది ఇళ్ళలో పదవీ విరమణ నాడు ఇచ్చిన ఇత్తడి షీల్డు గోడకు వేలాడుతూ ఉంటుంది. దాని పుట్టిల్లు ఈ ఊరే. రేకును లక్క మీద అంటించి, సన్నని ఉలితో ఒక్కొక్క చుక్కే కొడుతూ బొమ్మ లేపుతున్నారు. దెబ్బ బలంగా పడితే రేకు చిల్లి పడుతుంది, మెల్లగా పడితే బొమ్మ లేవదు. కాకతీయుల కాలం నుంచి వస్తున్న పని ఇది. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

అక్కడ మావాళ్ళు బేరం బాధ్యత నాకు అప్పగించారు. కారణం మీకు తెలుసు. నేను సర్వీసులో పన్నెండేళ్ళు స్టోర్సు సీటు చూశాను. మూడు కొటేషన్లు పిలవడం, తక్కువ ధరవాణ్ణి పిలిచి ఇంకా తగ్గించడం నాకు వెన్నతో పెట్టిన విద్య. 2,400 చెప్పిన దీపస్తంభం దగ్గర ముఖం చిట్లించాను, లేచి నిలబడ్డాను, బండి దాకా నడిచాను. వెనక నుంచి పిలుపు వచ్చింది. 1,900కు ముగించాను. బండిలో చప్పట్లు కొట్టారు. నా శ్రీమతి ఒక్కతే కొట్టలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

ఆలేరు నుంచి లోపలికి తిరిగి కొలనుపాక చూశాం. జైనుల గొప్ప క్షేత్రం. అక్కడి మహావీరుని విగ్రహం జేడ్ అనే విలువైన రాయిలో మలిచినది. అడుగు దూరంలో నిలబడితే మన గొంతు దానంతట అదే తగ్గుతుంది. పక్కనే సోమేశ్వరాలయం, వీరశైవులకు పవిత్రమైన చోటు. ఆలేరు ప్రాంతానికే చెందిన చింతకింది మల్లేశం గారిని గురించి డ్రైవరు చెప్పాడు. పట్టు చీర నేసే ముందు నూలును గూటాల చుట్టూ తిప్పే పనిని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడాలట. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆయన ఏళ్ళ తరబడి కష్టపడి ఆసు యంత్రం చేసి, దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో సినిమా కూడా వచ్చింది. మాలో ఒక అమ్మగారు గాలిలో చెయ్యి పాతికసార్లు తిప్పి చూసి, చాలు బాబోయ్ అన్నారు.

యాదగిరిగుట్టలో దర్శనం చేసుకున్నాం. 2022లో తెరిచిన నల్లరాతి ఆలయం చూసి మాటలు రాలేదు. భువనగిరి కోట ఒకే బండ మీద ఉంటుంది. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరు మీద ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. మనదీ ఏకశిలానగరమే గనుక చుట్టరికం కలిపాం. మోకాళ్ళు బాగున్న ముగ్గురు పైకి ఎక్కారు. మిగతా ఎనిమిది మందిమి కింద కూర్చుని పల్లీలు తింటూ వాళ్ళకు ధైర్యం చెప్పాం.

మధ్యాహ్నం మూడింటికి పోచంపల్లి చేరాం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే గారు అడగగానే వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరెకరాలు దానమిచ్చి భూదానోద్యమానికి నాంది పలికిన ఊరది. అందుకే భూదాన్ పోచంపల్లి అయింది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. దుకాణాలు వరసగా ఉన్నాయి. కాని నేను స్టోర్సు గుమాస్తాను గదా, మధ్యవర్తి లాభం ఎందుకివ్వాలని నేరుగా ఒక నేత ఇంటికే తీసుకుపోయాను.

మగ్గం మీద పట్టు చీర ఉంది. నూలు మీద గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా దారంతో కట్లు కట్టి, ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్ళీ కట్టి ఇంకో రంగులో ముంచుతారు. బట్ట మీద బొమ్మ వెయ్యరు, నేయకముందే నూలులో బొమ్మ ఉంటుంది. పడుగుదీ పేకదీ ఒక వెంట్రుక అటూ ఇటూ అయినా పువ్వు చెదిరిపోతుంది. ఆయన నేస్తున్నాడు, భార్య కండెలు చుడుతోంది, ముసలి తల్లి కట్లు విప్పుతోంది.

నా శ్రీమతికి ఒక చీర నచ్చింది. 9,000 అన్నాడు. నేను 7,500 అన్నాను. అతను తగ్గలేదు. నేను అలవాటు ప్రకారం లేచాను. అప్పుడతను మగ్గం ఆపి అన్నాడు: "సారూ, మీరు పెద్దోళ్ళు, తగ్గియ్యమంటే తగ్గిస్త. పైసలు మాత్రం ఇయ్యాల్నే ఇయ్యుండ్రి."

ఆ చివరి మాట నన్ను ఎక్కడో తగిలింది. ఎక్కడ తగిలిందో వెంటనే తెలియలేదు. కూర్చున్నాను. ఒక వార్పుకు ఎన్ని చీరలు, ఎన్ని రోజులు అని అడిగాను. ఏడు చీరలు, ఇంటిల్లిపాదికీ నలభై రోజులు అన్నాడు. పట్టుకూ రంగులకూ చీరకు 5,500 దాకా అవుతుందన్నాడు. జేబులోంచి కాగితం తీశాను. గుమాస్తాకు లెక్క వేస్తే గాని ఏదీ అర్థం కాదు. నేనన్న ధరకు ఇస్తే చీరకు 2,000 మిగులుతుంది. ఏడు చీరలకు 14,000. ముగ్గురు మనుషులు, నలభై రోజులు, అంటే 120 పని దినాలు. భాగించాను. పై పైసలు వదిలేస్తే మనిషికి రోజుకు 116 రూపాయలు.

నూట పదహార్లు! మనం పురోహితుని చేతిలో తాంబూలంతో పాటు పెట్టే దక్షిణ. ఆ కుటుంబంలో ఒక మనిషి పొద్దుటి నుంచి రాత్రి దాకా చేసే పనికి నేను కట్టిన ధర అది. అతను చెప్పిన 9,000 ఇచ్చినా రోజుకు 204 రూపాయలు దాటదు. కాగితం మడిచి, 9,000 లెక్కపెట్టి ఇచ్చేశాను. నా శ్రీమతి చీర తీసుకుని ఏమీ అనలేదు.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. ఇది చెప్పడానికే ఈ పదిహేను నిమిషాలూ ఒప్పుకున్నాను.

1983 ఫిబ్రవరిలో నేను పనిచేస్తున్న కార్యాలయంలో సమావేశాల హాలుకు నలభై జంపఖానాలు కావలసి వచ్చాయి. మూడు కొటేషన్లు పిలిచాను. కొత్తవాడ నుంచి వచ్చిన ఒక నేతగాడిది తక్కువ ధర. ఆయన్ను పిలిపించి, నిలబెట్టి, ఒక్కోదానికి ఇంకో నాలుగు రూపాయలు తగ్గించాను. మొత్తం 160 రూపాయలు ఆదా చేశానని ఆఫీసరు గారు నన్ను మెచ్చుకున్నారు. ఆయన మార్చి మొదటి వారంలోనే సరుకు భుజాన మోసుకొచ్చి ఇచ్చాడు. కాని స్టాకు రిజిస్టరులో నమోదు చేసినట్లు సర్టిఫికెట్టు మీద ఒక సంతకం తక్కువైంది. ఆ సంతకం పెట్టించవలసింది నేను. రేపు మాపు అనుకున్నాను. మార్చి 31 దాటింది, బడ్జెట్టు మురిగిపోయింది. మళ్ళీ కేటాయింపు రావాలన్నాం. ఆయన వచ్చినప్పుడల్లా నా బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు. కుర్చీ చూపించిన గుర్తు నాకు లేదు. "సారూ, నూలు షావుకారికి మిత్తి కట్టుకుంట వస్తున్న" అని ఒకసారి అన్నాడు. నవంబరులో బిల్లు పాసయింది. పైవారెవరూ ఆపమనలేదు. లంచం కోసమూ ఆపలేదు. కేవలం నా బద్ధకం. తొమ్మిది నెలలు.

ఈ రోజు మనం పింఛనుదారుల దినోత్సవం ఎందుకు జరుపుకుంటున్నాం? 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను అనేది దయాధర్మం కాదు, చేసిన సేవకు హక్కుగా రావలసినదని తీర్పు చెప్పింది గనుక. ఆ తీర్పు చదివి ఆఫీసులో మిఠాయిలు పంచుకున్న వాళ్ళలో నేనూ ఉన్నాను. అది పంచుకున్న మూడు నెలలకే ఒక నేతగాని హక్కును నా సొరుగులో పెట్టి తాళం వేశాను. అదే మనిషి నా ముందు దానం అడిగినట్టు నిలబడితే నాకేమీ అనిపించలేదు. తర్వాత 2008లో నా గ్రాట్యుటీ కాగితాలు ఒకచోట ఏడు నెలలు ఆగిపోయినప్పుడు, ఒక కుర్రాడి బల్ల పక్కన నేనూ అలాగే నిలబడ్డాను. అప్పుడైనా ఆయన గుర్తుకు రావలసింది. రాలేదు. పోచంపల్లిలో "ఇయ్యాల్నే ఇయ్యుండ్రి" అన్న మాటకు వచ్చాడు.

రెండో రోజు హైదరాబాదులో 1591 నాటి చార్మినారు, దాని పక్కన లాడ్‌బజారు చూశాం. అక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గాజుల దుకాణదారు 800 చెప్పాడు, మా అమ్మగార్లు 200 అన్నారు. అతను అల్లా మీద ఒట్టు వేశాడు, వీళ్ళు యాదగిరి నరసింహస్వామి మీద వేశారు. చాయ్ తెప్పించాడు. 350కి తెగింది. ఇరువైపులా నవ్వుకుంటూ విడిపోయారు. ఆ బేరం ఒక ఆట. ఆడతారని తెలిసే అతను ధర పెంచి చెబుతాడు. కాని చేసినవాడే అమ్ముకుంటూ, చేసిన రోజులన్నీ లెక్క చెప్పిన చోట అది ఆట కాదు. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు డెబ్బయి నాలుగేళ్ళు పట్టింది.

మన గణపతిదేవ చక్రవర్తికి ఇది ఎప్పుడో తెలుసు. 1244లో ఆయన మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం నా ఉద్దేశంలో ఒక మంచి జి.వో. పూర్వం తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునేవారట. ఇకమీదట అలా చెయ్యము, ముప్పయ్యింట ఒక వంతు సుంకం తప్ప ఏమీ పుచ్చుకోము అని రాయి మీద చెక్కించాడు. కష్టంలో ఉన్నవాడి దగ్గర చౌకగా కొట్టేయకూడదనేదే గదా దాని సారం.

యాత్ర నుంచి వచ్చిన వారానికి నేనూ, మా శ్రీమతీ కొత్తవాడ పోయాం. ఆటోకు ముప్పయి రూపాయల దూరం. ఇన్నేళ్ళలో వెళ్ళలేదు. ఒకప్పుడు ఏ వీధిలో చూసినా మగ్గం చప్పుడే. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గాని, మగ్గాలు చాలా తగ్గిపోయాయి. అడగ్గా అడగ్గా ఆ ఇల్లు దొరికింది. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటిందట. కొడుకు ఉన్నాడు. ఆయనకూ అరవై దాటాయి. గుంట మగ్గం మీద కూర్చుని నేస్తున్నాడు.

ఆఫీసు పేరు చెప్పి, నలభై జంపఖానాల సంగతి గుర్తుందా అని అడిగాను. "గుర్తు లేకేంది సారూ. ఆ బిల్లు వచ్చినంకనే మా అక్క పెండ్లి చేసినం. ఎండకాలం అనుకున్నది, సలికాలం అయింది" అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. ఊరికే జ్ఞాపకం చెప్పాడు. ఆ గుమాస్తాను నేనేనన్నాను. కాసేపు పడుగు వంక చూస్తూ ఊరుకున్నాడు. తర్వాత, "కూసోండ్రి సారూ" అని లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేశాడు.

ఆ కుర్చీలో కూర్చోవడం నాకెంత కష్టమైందో చెప్పలేను. క్షమించానని అతను అనలేదు. నేనూ అడగలేదు. ఒక పెద్ద జంపఖానా నేయమని, అతను చెప్పిన ధర మొత్తం అక్కడే ఇచ్చి, రసీదు కూడా తీసుకోకుండా వచ్చాను. రసీదు తీసుకోకుండా డబ్బిచ్చిన స్టోర్సు గుమాస్తా ఈ జిల్లాలో నేనే మొదటివాణ్ణి అయి ఉంటాను. ఈ రోజు ఈ వేదిక మీద పరచినది అదే. ఎర్రని పట్టీల మధ్య నల్లని మెట్లు ఉన్నాయి చూడండి. సంఘానికి నా కానుకగా స్వీకరించమని అధ్యక్షుల వారిని కోరుతున్నాను.

చివరగా మూడు మనవులు. ఒకటి, ఇకమీదట మన సంఘం ఇచ్చే షీల్డులు పెంబర్తికి పోయి, చేసేవారి దగ్గరే, చెప్పిన ధరకు, నగదు ఇచ్చి తెద్దాం. నేను బేరమాడి తెచ్చిన దీపస్తంభానికి తగ్గించిన 500 రూపాయలు ఆ పనివాడికి అప్పుడు నేనే ఇస్తాను. రెండు, వచ్చే నెల ఇంకో బండి మాట్లాడి రామప్ప, లక్నవరం పోదాం. 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన రామప్ప గుడి చూడకుండా పీసా ఫోటోలు చూస్తూ కూర్చోవడం మనకు తగదు. ఇటలీ వెళ్ళి వచ్చిన మిత్రుడు ఇప్పటికే తన పేరు రాయించారు.

మూడోది ముఖ్యమైనది. మీ కొడుకులూ కూతుళ్ళూ, అల్లుళ్ళూ కోడళ్ళూ ఎందరో ఉద్యోగాల్లో ఉన్నారు. ఇవాళ ఇంటికి పోయి వాళ్ళతో ఒక్క మాట చెప్పండి. బల్ల మీద కుప్పలో కుమ్మరిది, నేతగాడిది, చాయ్ బండివాడిది చిన్న బిల్లు ఏదైనా ఉంటే అది ముందు పైకి తీయమనండి. వచ్చినవాడికి కుర్చీ చూపించమనండి. ఆ బిల్లు వెనక ఎవరి పెండ్లి ఆగి ఉందో మనకు తెలియదు.

కార్యదర్శి గారు గంట మీద చెయ్యి వేశారు. సెలవు.